రైలు భోజనం వెనక ఉన్న గడియారం: సెలవులకు బయలుదేరే పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

వేసవి సెలవులకు హైదరాబాదు నుంచి ఢిల్లీకి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. రైల్లో అమ్మే భోజనం తినొచ్చా, ఇంటి నుంచే కట్టుకెళ్ళాలా అని అడిగారట. ఒక్క ముక్కలో అవునో కాదో తేల్చేస్తే మీకు ఉపయోగం ఉండదు. ఆ ప్లేటు మీ చేతికి ఎలా వస్తుందో తెలిస్తే, ఏ పూట తినొచ్చో, ఏ పూట వద్దనాలో మీరే చూసి చెప్పగలరు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

రైలు మధ్యలో ఎక్కడో పాంట్రీ కారు అని ఒక పెట్టె ఉంటుంది. వంటంతా అందులోనే జరుగుతుందని చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు అలాగే జరిగేది. ఊగే బండిలో గ్యాస్ పొయ్యిల మీద వందల మందికి అన్నం, కూర వండేవారు. 2017లో వచ్చిన కేటరింగ్ విధానం వంటనీ వడ్డననీ విడదీసింది. బాధ్యతను రైల్వేవారి సంస్థ ఐఆర్‌సీటీసీకి అప్పజెప్పి, దారిలో ఊళ్ళల్లో ఉన్న బేస్ కిచెన్‌లలో, అంటే రైళ్ళ కోసం వండే పెద్ద వంటశాలల్లో వండించాలనీ, రైల్లో పంచడమే జరగాలనీ అందులో నిర్ణయించారు. కాబట్టి ఇప్పుడు పాంట్రీ కారుకు ముఖ్యమైన పని వండడం కాదు. వేడిది వేడిగా ఉంచడం, చల్లటిది చల్లగా ఉంచడం, నీళ్ళు మరిగించడం, పంచడం. అసలు పాంట్రీయే లేని రైళ్ళు కూడా చాలా ఉన్నాయి. వాటిలో దారిలోని స్టేషన్ల నుంచి వెండర్లు ఎక్కి అమ్ముతారు.

మధ్యాహ్న భోజనం నాగపూర్‌లో ఎక్కుతుందనుకోండి. పొద్దున్నే ఒక కుర్రాడు పెట్టె పెట్టెకీ తిరిగి, ఎవరికి ఏం కావాలో బెర్తు నంబరుతో సహా రాసుకుంటాడు. శాకాహారం ఎన్ని, గుడ్డు ఎన్ని, కోడికూర ఎన్ని అని పాంట్రీ మేనేజరు లెక్కకట్టి ముందున్న వంటశాలకు కబురు చేస్తాడు. దీన్నే ఇండెంటు అంటారు. అక్కడివాళ్ళు రైలు వచ్చే వేళ నుంచి వెనక్కి లెక్కేసుకుంటారు. రైలు ఒంటిగంటన్నరకు వస్తుందంటే ఒంటిగంటకల్లా డబ్బాలు ప్లాట్‌ఫాం మీద ఉండాలి. అంటే పన్నెండింటికి నింపడం మొదలుపెట్టాలి, అంటే పదింటికే పొయ్యి వెలగాలి. రైలు ఆగేది కొద్ది నిమిషాలే. ఆ కొద్దిసేపట్లో క్రేట్లన్నీ లోపలికి ఎక్కాలి. తరవాత వాటిని హాట్ కేసులో, అంటే కరెంటుతో వేడెక్కే స్టీలు బీరువాలో పెట్టి, అక్కడి నుంచి పంచుతారు.

ఇదంతా సవ్యంగా సాగితే మీకు వచ్చే పప్పు వండి మూడు నాలుగు గంటలైనది. అది తప్పేమీ కాదు. అంతసేపూ అది ఎంత వేడిలో ఉందన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడ రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి: 60, 5. వండిన పదార్థం 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన ఉండాలి, లేదా 5 డిగ్రీలకు దిగువన ఉండాలి. ఈ రెంటి మధ్యా, ముఖ్యంగా మన ఒంటి వేడికి దగ్గరగా ఉన్నప్పుడు, సూక్ష్మజీవులు చాలా త్వరగా పెరుగుతాయి. అనువైన వేడి దొరికితే కొన్ని రకాలు ఇరవై నిమిషాలకు ఒకసారి రెట్టింపు అవుతాయి. లెక్క వేసి చూడండి: ఒకటి ఉంటే గంటకు ఎనిమిది, రెండు గంటలకు అరవై నాలుగు, నాలుగు గంటలకు నాలుగు వేల పైచిలుకు. నాగపూర్ వేసవి మధ్యాహ్నం నలభై డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో ప్లాట్‌ఫాం మీద క్రేటు వేచి ఉందంటే ఏం జరుగుతుందో మీరే ఊహించుకోవచ్చు.

అన్నం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. తెల్లగా, అమాయకంగా కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఎవరూ అనుమానించరు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉండొచ్చు. అన్నం ఉడికినా ఆ బీజాలు చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి నిలవుంటే అవి మేల్కొని పెరిగి ఒక విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. పొగలు కక్కేలా వేడిచేసి ఇచ్చిన అన్నం తిన్నా వాంతులు అయ్యేది ఇందుకే. ఇంకొకటి చేతుల నుంచి వస్తుంది. పుండున్న వేలితోనో, ముక్కు తుడుచుకున్న చేతితోనో డబ్బాలు నింపితే స్టెఫిలోకాకస్ అంటుకుంటుంది. దాని విషమూ వేడికి లొంగదు. అందుకే వంటశాలల్లో చేతి తొడుగులూ, టోపీలూ తప్పనిసరి చేశారు. వాసన రాలేదు కాబట్టి బాగుందనుకోవద్దు. ఈ రెండు విషాలకూ వాసన గానీ రుచి గానీ ఉండదు.

ఇప్పుడు ఎక్కడెక్కడ పట్టు తప్పుతుందో చూద్దాం. అన్నిటికన్నా పెద్ద శత్రువు ఆలస్యం. రైలు మూడు గంటలు వెనకబడినట్టు వంటశాలకు ముందే తెలిస్తే వంట ఆపుతారు. వండిన తరవాత తెలిస్తే ఆ మూడు గంటలూ డబ్బాలు కాచుకుని కూర్చుంటాయి. అందుకే బాగా ఆలస్యమైన రైల్లో, మూడింటికో నాలుగింటికో వచ్చే మధ్యాహ్న భోజనాన్ని నేనైతే పిల్లలకు పెట్టనివ్వను. రెండోది కరెంటు. ఎల్‌హెచ్‌బీ అనే ఇప్పటి కొత్తరకం పెట్టెలకు కరెంటు ఇంజను నుంచో, చివర ఉండే పవర్ కారు నుంచో వస్తుంది. అది ఆగితే హాట్ కేసు, బాయిలరు చల్లబడతాయి, ఫ్రిజ్జులో చల్లదనం పోతుంది. మూడోది నడక. ఒక ఎల్‌హెచ్‌బీ పెట్టె పొడవు సుమారు ఇరవై మూడున్నర మీటర్లు. పాంట్రీకి పది పెట్టెల అవతల మీరుంటే, ఆ మనిషి ప్లేట్ల దొంతరతో ఊగే నేల మీద రెండువందల ముప్ఫై మీటర్ల పైన నడవాలి. సామాన్లు దాటుకుంటూ, బాత్రూము దగ్గర నిలబడ్డవాళ్ళను తప్పుకోమంటూ, మధ్యమధ్య ప్లేట్లు దించుతూ రావాలి. ఫాయిల్ డబ్బా పలచన, దాని అట్టమూత ఇంకా పలచన. ఏసీ పెట్టెలో దాటే ప్రతి నిమిషం వేడి తీసుకుపోతుంది. చివరి పెట్టెలో కూర్చున్నవాళ్ళకు అన్నం చల్లారి అందుతోందంటే ఇదే కారణం. పాంట్రీకి ఏ వైపు పెట్టెల నుంచి పంచడం మొదలుపెట్టాలో పూట పూటకూ మార్చుకుంటే ఈ ఇబ్బంది ఎప్పుడూ ఒకరికే పడదు. చిన్న మార్పే, ఖర్చు కూడా లేనిది.

తెచ్చి ఇచ్చే మనిషి మీద కోపం తెచ్చుకోకండి. ఈ మొత్తం వరసలో అందరికన్నా తక్కువ అధికారం ఉన్నది అతనికే. పప్పు పలచనైతే, అన్నం తగ్గితే అది అతను చేసింది కాదు. కాంట్రాక్టరు లైసెన్సుకు భారీగా పాడుకుంటే, ఆ డబ్బు ఎక్కడో ఒకచోట నుంచి తిరిగి రావాలి. తూకంలో గ్రాములు తగ్గించడం, నీళ్ళ సీసాకు ఐదు రూపాయలు ఎక్కువ అడగడం అక్కడి నుంచే పుడతాయని నా నమ్మకం. మర్యాదగా అడగండి, కానీ అడగడం మానకండి.

ఎంత రావాలో తెలిస్తేనే అడగగలరు. సాధారణ శాకాహార భోజనం రైల్లో ₹80, స్టేషన్ స్టాల్లో ₹70. అందులో 150 గ్రాముల అన్నం, 150 గ్రాముల పప్పు లేదా సాంబారు, 100 గ్రాముల కూర, రెండు పరాటాలు లేదా నాలుగు రొట్టెలు కలిపి 100 గ్రాములు, 80 గ్రాముల పెరుగు, ఒక చిన్న పచ్చడి పొట్లం ఉండాలి. జనరల్ పెట్టెల దగ్గర ప్లాట్‌ఫాం మీద ₹20కి అమ్మే చౌక భోజనంలో ఏడు పూరీలు, బంగాళాదుంప కూర, పచ్చడి వస్తాయి. రైల్ నీర్ అని రైల్వేవారే అమ్మే తాగునీటి లీటరు సీసా 2025 సెప్టెంబరు 22 నుంచి ₹14. ఇంట్లో తూకం ఉంటే 150 గ్రాముల అన్నం ఒకసారి గిన్నెలో పెట్టి చూడండి. కంటికి ఆ కొలత అలవాటైతే రైల్లో తూకం అక్కర్లేదు. డబ్బు ఇచ్చే ముందే బిల్లు అడగండి. చిన్న మెషిన్ మీద బిల్లు ఇవ్వాలి. బిల్లు ఇవ్వకపోతే డబ్బు కట్టనక్కర్లేదని రైల్వేశాఖే ప్రకటించింది. మీరు చిన్నపిల్లలు కాబట్టి వాదనకు దిగకుండా అమ్మకో నాన్నకో చెప్పండి.

టీ సంగతి వేరుగా రాయాలి. 2018 మేలో ఒక వీడియో దేశమంతా తిరిగింది. రైలు మరుగుదొడ్డిలోంచి టీ క్యాన్లు బయటికి తెస్తున్న దృశ్యం అది. విచారణలో అది అంతకు ముందు డిసెంబరులో సికింద్రాబాదు స్టేషన్‌లో ఆగి ఉన్న చార్మినార్ ఎక్స్‌ప్రెస్ అని తేలింది. దక్షిణ మధ్య రైల్వే కాంట్రాక్టరుకు లక్ష రూపాయల జరిమానా వేసింది. జరిమానా సరే, అసలు ఆ మనిషి క్యాను పట్టుకుని అక్కడికి ఎందుకు వెళ్ళాడో ఆలోచించండి. క్యాను కడుక్కోవడానికి గానీ నీళ్ళు పట్టుకోవడానికి గానీ అతనికి ఇంకో చోటు లేదేమో. 2017లో ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ 74 స్టేషన్లూ, 80 రైళ్ళూ పరిశీలించి ఇచ్చిన నివేదికలో, కుళాయి నీళ్ళను శుద్ధి చేయకుండానే పానీయాల్లో వాడుతున్నారని రాసింది. పెట్టెల్లో కుళాయికి వచ్చేవి చేతులు కడుక్కునే నీళ్ళు, తాగే నీళ్ళు కావు. కాబట్టి మామూలు టీ కన్నా, మీ కళ్ళ ముందే వేడినీళ్ళు పోసి టీ సంచి వేసి ఇచ్చేది కాస్త నయం. అది ₹10. పొగలు రాకపోతే తీసుకోవద్దు.

డబ్బా చేతికి రాగానే మూత మీద చేయి పెట్టండి. వేడి తగలాలి. మూత మీద క్యూఆర్ కోడ్ ఉంటే నాన్న ఫోనుతో చూడండి. ఏ వంటశాలలో, ఏ రోజు ప్యాక్ చేశారో వస్తుంది. పెరుగు కప్పు ఉబ్బి ఉంటే తెరవకుండా తిరిగి ఇచ్చేయండి, లోపల వాయువు పుట్టిందన్నమాట. అన్నం ముద్దగా అంటుకుని, పైన జిగురు తీగలు సాగితే ఇక రుచి కూడా చూడొద్దు. ఫిర్యాదు చేయాల్సి వస్తే రైల్వే సహాయ నంబరు 139కి ఫోను చేయవచ్చు, రైల్ మదద్ అనే రైల్వే ఫిర్యాదుల యాప్‌లో రాయవచ్చు. "తిండి బాగాలేదు" అని ఊరుకుంటే ఎవరూ ఏమీ చేయలేరు. పీఎన్ఆర్, పెట్టె, బెర్తు, ఎన్నింటికి ఇచ్చారు, అప్పటికి ఏ స్టేషన్ దాటారు, ఏ పదార్థంలో ఏ లోపం, మూత ఫొటో, బిల్లు ఫొటో. ఇవి ఉంటే ఆ డబ్బా ఏ వంటశాల నుంచి ఎక్కిందో వెతికి పట్టుకోవచ్చు.

ఇక అమ్మ కట్టిచ్చే పొట్లం. పులిహోర తీసుకెళ్ళండి. చింతపండు పులుపు సూక్ష్మజీవులకు గిట్టదు, నూనె అన్నాన్ని ఎండిపోనివ్వదు. అయితే అన్నం పళ్ళెంలో పరిచి చల్లార్చాకే పులుసు కలపాలి, ఆవిరి పోకుండా మూత పెడితే చెమ్మ పట్టి పాడవుతుంది. పెరుగన్నం అయితే పాలు ఎక్కువ, పెరుగు ఒక చెంచా వేసి కలపండి. మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుంటుంది. ఇడ్లీకి నెయ్యి, కారప్పొడి పూయండి. కొబ్బరి చట్నీ మాత్రం వేసవిలో వద్దు, మంచిర్యాల దాటేలోపే పులిసిపోతుంది. ఇంటి పొట్లం పగటికి సరిపోతుంది. రాత్రి భోజనానికి రైలులో దొరికేదే తీసుకోండి, లేదా ఈ-కేటరింగ్‌లో, అంటే ఆన్‌లైన్‌లో భోజనం ఆర్డరు చేసే చోట, టికెట్ మీది పీఎన్ఆర్ నంబరు ఇచ్చి ముందున్న స్టేషన్‌కు తెప్పించుకోండి. రెండు నిమిషాలు ఆగే స్టేషన్ కాకుండా భోపాల్ లాంటి పెద్ద స్టేషన్ ఎంచుకుంటే పొట్లం తప్పిపోదు.

తిన్న డబ్బాలు మరుగుదొడ్డిలో వేయకండి. బయో టాయిలెట్ ట్యాంకు పూడుకుపోతే ఆ పెట్టె మొత్తం ఇబ్బంది పడుతుంది. కిటికీలోంచి కూడా వద్దు, పట్టాల పక్కన పనిచేసే మనుషులుంటారు. వెయిటరు సంచి తెచ్చే దాకా సీటు కింద పెట్టండి.

ఢిల్లీ చేరాక నాకు రాయండి. రాత్రి పప్పు ఎన్నింటికి వచ్చింది, అప్పటికి రైలు ఎంత ఆలస్యం, మూత మీద చేయి పెడితే వేడి తగిలిందా లేదా, ఈ మూడూ మరిచిపోకుండా రాయండి.

మీ తాతయ్య