మణలి యూరియా నుంచి సుడిదోమ దాకా

వరి కుదురు మొదట్లో చేరి రసం పీల్చే సుడిదోమ కొత్తగా పుట్టిన పురుగేమీ కాదు. కానీ 1960ల వరకు వరి రైతులు దాన్ని పెద్దగా పట్టించుకోవాల్సిన అవసరం రాలేదు. అప్పటి పొడుగు రకాలకు నత్రజని ఎక్కువైతే పైరు పడిపోయేది. అందుకని పచ్చిరొట్ట, పశువుల ఎరువుతోనే సరిపెట్టేవారు. 1966లో ఐఆర్8 అనే కొత్త వరి రకం వచ్చింది. పొట్టి రకం కాబట్టి ఎంత యూరియా వేసినా పడిపోకుండా నిలబడింది. అదే ఏడాది ఏర్పాటైన మద్రాస్ ఫెర్టిలైజర్స్ సంస్థ 1971లో చెన్నై దగ్గరి మణలిలో ఎరువుల ఉత్పత్తి మొదలుపెట్టింది. పొన్నేరి, గుమ్మిడిపూండి వైపు పొలాలకు యూరియా పక్క ఊరి సరుకైపోయింది. 1973-74లో కేరళ కుట్టనాడులో సుడిదోమ పైరును సుళ్లు సుళ్లుగా ఎండబెట్టింది.

దోమ తాగే రసంలో చక్కెర దండిగా ఉంటుంది, అమైనో ఆమ్లాలు (నత్రజనితో తయారయ్యే, మాంసకృత్తులకు మూలమైన పదార్థాలు) మాత్రం బహు తక్కువ. పురుగు పెరగడానికి, గుడ్లు పెట్టడానికి కావాల్సింది ఆ తక్కువున్నదే. అందుకే అదేపనిగా పీలుస్తుంది, మిగులు చక్కెరను తేనెబంకగా వదిలేస్తుంది. దాని మీదే మసి తెగులు పడుతుంది. యూరియా అతిగా వేస్తే రసంలో అమైనో ఆమ్లాలు పెరుగుతాయి. పిల్ల పురుగులు త్వరగా ఎదుగుతాయి, తల్లి పురుగు ఎక్కువ గుడ్లు పెడుతుంది. కాండం మెత్తబడుతుంది. ఆకు దట్టమై, దోమ కాపురముండే కుదురు మొదట్లోకి ఎండా గాలీ చేరవు. చెన్నైలో మిద్దె తోటల వాళ్లు మందారానికి చెంచాడు యూరియా వేయగానే లేత చిగుళ్లకు పిండినల్లి పట్టడం వెనక కూడా చాలావరకు ఇదే కారణం.

దీనికి తోడు మందులు. సుడిదోమ గుడ్లు ఆకు తొడుగు లోపల ఉంటాయి, పిచికారీ వాటిని అంతగా తాకదు. ఆ గుడ్లను తినే మిరిడ్ నల్లులు, దోమను పట్టే సాలీళ్లు మాత్రం చనిపోతాయి. వారం పది రోజుల్లో గుడ్లు పగిలాక దోమకు ఎదురే ఉండదు. సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే రకం పురుగుమందులు కొట్టిన పొలంలో దోమ మరింత పెరగడానికి ఇదొక ముఖ్య కారణం.

ధరలు కూడా ఇటే నెట్టాయి. 1992లో భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలపై నియంత్రణ ఎత్తేశారు, యూరియాపై ఉంచారు. 2010 నాటి పోషకాల ఆధారిత సబ్సిడీలోనూ యూరియాను చేర్చలేదు. చవకైన బస్తానే రైతు ఎక్కువగా వేశాడు. తప్పు అతనిది కాదని మా అభిప్రాయం. 2015లో యూరియా గుళికలకు వేపనూనె పూత తప్పనిసరైంది. దాంతో నత్రజని నెమ్మదిగా అందుతుంది గానీ, చల్లే బస్తాల లెక్క మారదు.

45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20.7 కిలోలు. సిఫారసు మోతాదును ఈ లెక్కన చూసుకుని నాటేటప్పుడు, పిలక దశలో, అంకురం దశలో (కాండంలో వెన్ను రూపుదిద్దుకోవడం మొదలయ్యే దశ) మూడు భాగాలుగా వేయాలి. పొటాష్‌లో సగం అంకురం దశకు అట్టిపెట్టాలి. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలాలి. కుదుళ్లను విడదీసి మొదళ్లు చూస్తుండాలి. పిలక దశలో కుదురుకు 10-15, ఈనిక దశలో 20-25 దోమలు కనిపిస్తే ముందు నీళ్లు తీసేసి, యూరియా పైపాటు ఆపాలి. మందు తప్పనిసరైతే నాజిల్ కుదురు మొదట్లోకి తిప్పి కొట్టాలి, ఆకుల పైన కొడితే దోమకు తగలదు.