నాయికకు నచ్చిన పువ్వు రచయితకూ నచ్చాలా? అపోహలు - వాస్తవాలు

కథలు ఎడిట్ చేయడం నా పని. నెలకొకరైనా అడుగుతారు: "నాయికకు ఇష్టమైన పువ్వు ఏదని రాయమంటారు? నాకు మల్లెలే ఇష్టం మరి." పాపం, అడిగేటప్పుడు వాళ్ల టెన్షన్ గొంతులోనే తెలిసిపోతుంది.

అపోహ: రచయితకు నచ్చిన పువ్వే పాత్రకూ నచ్చుతుంది.

ఎన్ని కథలను పాడు చేసిందో ఈ నమ్మకం! అమ్మమ్మ, మనవరాలు, పక్కింటి టీచరు, అందరూ ఆ ఒక్క పువ్వే పెట్టుకుంటారు. పాఠకులదీ ఇదే పొరపాటు. ఇంగ్లిష్ కవి వర్డ్స్‌వర్త్ అనగానే డాఫొడిల్స్ పూలు అనేస్తారు. 1807లో అచ్చయిన ఒకే ఒక్క కవిత తెచ్చిన పేరది. ఆయన పనిగట్టుకుని మూడు కవితలు రాసింది సెలండైన్ అనే చిన్న పసుపు పువ్వు మీద. ఫ్రెంచి నవలాకారుడు ప్రూస్ట్ హాథార్న్ అనే ముళ్ల పొద పూల గురించి పేజీలకు పేజీలు రాశాడు. మనిషికి మాత్రం చిన్నప్పటి నుంచీ ఉబ్బసం.

నా సంగతే చెబుతా. ఒక కథలో నాయికకు సంపెంగలంటే ప్రాణం అని రాశాను. ఒక సభలో ఒకావిడ ఎంతో ప్రేమగా దోసెడు సంపెంగలు తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆ వాసనకు నాకు తలనొప్పి! థాంక్సండీ అని సంచిలో వేసుకుని, ఇల్లు చేరేదాకా బస్సు కిటికీలోంచి తల బయటే పెట్టాను.

అపోహ: పాత్ర పేరే పువ్వు పేరైతే అదే ఇష్టమైన పువ్వు. 1848లో వచ్చిన ఫ్రెంచి రచయిత చిన్న డ్యూమా (అదే పేరున్న నవలాకారుడి కొడుకు) నవలలో నాయిక పేరు మార్గరీట్, అంటే ఫ్రెంచిలో డైసీ. ఆమె చేతిలో ఉండేవి కెమీలియాలు: నెలలో 25 రోజులు తెల్లవి, 5 రోజులు ఎర్రవి.

అపోహ: ఒక్కో పువ్వుకు ఒక్కో అర్థం ఖాయం. కాదు, అంతే.

అపోహ: ఇష్టమైన పువ్వేదో పాత్ర నోటితోనే చెప్పించాలి. చెప్పిస్తే చెప్పించండి, దాంతో కథ కదలాలి. రష్యన్ రచయిత బుల్గాకోవ్ నవలలో మార్గరీటా పసుపు పూలు పట్టుకొచ్చి, దారిలో ఎదురైన నాయకుణ్ని నచ్చాయా అని అడుగుతుంది. లేదు, గులాబీలు ఇష్టం అంటాడతను. ఆ పూలు కాలవలోకి పోతాయి, ప్రేమ మొదలవుతుంది. కాళిదాసు నాటకంలో శకుంతలనైతే ఎవరూ అడగనే లేదు. నవమాలిక తీగకు వనజ్యోత్స్న అని పేరు పెట్టుకుంది, అత్తారింటికి వెళ్తూ తోబుట్టువును వాటేసుకున్నట్టు వాటేసుకుంది. ఆరో అంకంలో దుష్యంతుడు ఆమె బొమ్మ గీసి, చెవికి పెట్టడం మరిచానే అనుకున్నది మాత్రం శిరీష పువ్వు.