రికార్డుకు రెండు సెంట్లు: సూసా పోరు వెనుక కథ

రికార్డు అమ్ముడైతే అందులోని బాణీ కట్టినవాడికి ఎంత ముట్టాలి? అమెరికాలో ఈ లెక్క 1909లో తేలింది. అందుకోసం గట్టిగా గొంతెత్తినవాళ్లలో ముందు వరుసలో ఉన్నది సైనిక బ్యాండులో పెరిగిన జాన్ ఫిలిప్ సూసా.

తండ్రి అమెరికా మెరైన్ బ్యాండులో ట్రాంబోన్ వాయించేవాడు. సూసా 1868లో, పదమూడేళ్లకే, అందులో అప్రెంటిస్‌గా చేరాడు. 1880 నుంచి 1892 దాకా దాన్ని నడిపాడు. ఆయన కట్టిన మార్చ్‌లలో (అంటే కవాతు అడుగుల లయకు వాయించే బాణీలలో) 1889 నాటి ‘వాషింగ్టన్ పోస్ట్’ దేశాలు దాటి మోగినా, ప్రచురణకర్త దగ్గర ఆయనకు దక్కింది 35 డాలర్లే. సొంత బ్యాండు పెట్టుకున్నాక అచ్చు ప్రతులపై రాయల్టీ రాయించుకున్నాడు.

అప్పటికే రికార్డింగు కంపెనీలు మార్చ్‌ల మీద పడ్డాయి. అప్పటి రికార్డు మైనపు సిలిండర్; అందులో పట్టేది రెండు మూడు నిమిషాలు. మళ్లీ మళ్లీ వచ్చే భాగాలు కోసేస్తే మార్చ్ అందులో ఒదిగిపోయేది. నకళ్లు తీయడం ఇంకా కుదురుకోలేదు. అందుకని నాలుగైదు యంత్రాలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ, వరసగా పెట్టి వాయించేవారు. సిలిండర్లు నిండగానే కొత్తవి ఎక్కించి మళ్లీ అదే మార్చ్. పెద్ద డ్రమ్ము దెబ్బకు సూది అదిరి గాడి చెడేది, కాబట్టి దాన్ని చాలాసార్లు పక్కన పెట్టేవారు. వాయించినవాళ్లకు కూలి, కంపెనీకి లాభం, స్వరకర్తకు సున్నా.

1906లో సూసా అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ కమిటీల ముందు యంత్ర సంగీతాన్ని దుమ్మెత్తిపోశాడు. ఇంట్లో పాడుకునే అలవాటే పోతుందన్నాడు. ఆ బాధ నిజమే కావచ్చు గానీ అసలు మంట డబ్బు దగ్గరే. ఆయన బ్యాండు పేరుతోనే రికార్డులు వచ్చేవి; చాలావాటికి బ్యాటన్ పట్టి వాయింపు నడిపింది మాత్రం ఆయన బ్యాండులోని ఆర్థర్ ప్రయర్ వంటివాళ్లు.

1908లో సుప్రీంకోర్టు స్వరకర్తల ఆశ మీద నీళ్లు చల్లింది. పియానో రోల్ అంటే తనంతట తానే మోగే పియానోలో పెట్టే, చిల్లులు పొడిచిన కాగితం; దాన్ని మనిషి చదివి పాడలేడు, కనుక అది స్వరలిపికి ‘ప్రతి’ కాదని, స్వరకర్తకు ఏమీ ఇవ్వక్కర్లేదని తీర్పు. మరుసటి ఏడు కాంగ్రెస్ చట్టం మార్చి రోల్‌కు, రికార్డుకు రెండేసి సెంట్లు ఖరారు చేసింది. దానికో మెలిక ఉంది: ఒక కంపెనీకి అనుమతిస్తే, అదే ధరకు అడిగినవాళ్లందరికీ ఇవ్వాల్సిందే. రోల్స్ చేసే ఏయోలియన్ కంపెనీ అప్పటికే ప్రచురణకర్తలతో ప్రత్యేక ఒప్పందాలు చేసుకుంటోంది. మార్కెట్టంతా దాని గుప్పిట్లోకి పోతుందన్న భయమే ఈ మెలికకు కారణం. ఆ రెండు సెంట్లు 1978 దాకా కదల్లేదు.

అయితే ఇది స్వరకర్త సూసాకే, బ్యాండు నాయకుడు సూసాకు కాదు. ధ్వనిముద్రణకు ఫెడరల్ కాపీరైట్, అంటే దేశమంతటా చెల్లే హక్కు, 1972లో గానీ రాలేదు. ఆయన 1932లోనే పోయాడు. 1923కు ముందు విడుదలైన రికార్డులు 2022 జనవరి 1న అందరివీ అయ్యాయి. సూసా పాత మార్చ్‌ను వీడియోలో వాడుకునేవారు చూడాల్సింది హక్కు తీరిపోయిన బాణీని కాదు, ఆ రికార్డు ఎవరిదన్నది. ఈ కాలపు ప్రైవేటు బ్యాండు వాయించిందైతే అనుమతి కావాలి. మెరైన్ బ్యాండు విధి నిర్వహణలో సొంతంగా రికార్డు చేసిందైతే, ప్రభుత్వోద్యోగుల పని కాబట్టి అమెరికాలో దానికి కాపీరైట్ ఉండదు.