ఫిలిప్పీన్స్ ఇంగ్లీషు కథలు: క్లాసులో నాకు ఎదురయ్యే అపోహలు

పదిహేనేళ్లుగా డిగ్రీ, పీజీ పిల్లలకు వలస పాలన చూసిన దేశాల సాహిత్యం చెబుతున్నాను. ఫిలిప్పీన్స్ కథ మొదలుపెట్టిన ప్రతిసారీ కొన్ని మాటలు తప్పకుండా వస్తాయి. వాటికి నేను చెప్పే జవాబులు ఇవి.

అపోహ: ఈ ఇంగ్లీషు కథలన్నీ ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడు, నవలాకారుడు హోసే రిజాల్‌తో మొదలయ్యాయి.

వాస్తవం: రిజాల్ నవలలు రెండూ (1887, 1891) స్పానిష్‌లో రాసినవి. 1896లో ఆయన్ను కాల్చి చంపేనాటికి ఆ దీవుల్లో ఇంగ్లీషు ఇంకా బడి భాష కాలేదు. 1898లో, అప్పటిదాకా ఏలిన స్పెయిన్ రెండు కోట్ల డాలర్లు పుచ్చుకుని దేశాన్ని అమెరికాకు అప్పగించింది. తిరగబడ్డవాళ్లతో యుద్ధం నడుస్తుండగానే 1901లో థామస్ అనే ఓడలో సుమారు ఐదు వందల మంది అమెరికన్ టీచర్లు దిగారు. ఆ బడుల్లో చదివినవాళ్లే 1920లకల్లా ఇంగ్లీషులో కథలూ నవలలూ రాయడం మొదలుపెట్టారు.

అపోహ: ఇంగ్లీషులో రాసేవాళ్లకు రైతు గోడు ఏం తెలుసు?

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. కథకుడు మాన్యుయెల్ అర్గుయా పుట్టింది లా యూనియన్ రాష్ట్రంలోని నగ్రెబ్కాన్ అనే పల్లెలో. ఆయన 'రైస్' కథలో పాబ్లో అనే పాలికాపు ధాన్యం అప్పు అడగడానికి వెళ్లి ఖాళీ బండితో తిరిగొస్తాడు. తీసుకున్నదానికి రెట్టింపు కోతల్లో కొలవాలి మరి. ఇంట్లో కుండ ఖాళీ. నత్తలు ఏరుకుందామన్నా ఆ పొలమూ దొరదే. ఈ కథ చెప్పిన రోజు నల్లగొండ అమ్మాయి ఒకరు లేచి, "మా తాత చెప్పే నాగు ఇదే కదా మేడమ్" అంది. అవును, ఇదే. తిండికో విత్తనానికో గింజలిచ్చి, కోతలప్పుడు అంతకంతా కొలిపించుకోవడం.

అర్గుయాదే ఇంకో కథ ఉంది. అన్న మనీలా అమ్మాయిని పెళ్లాడి ఎడ్లబండి మీద ఊరికి తీసుకొస్తాడు. ఊళ్లో అతను లియోన్. ఆమె మాత్రం నోయెల్ అని పిలుస్తుంది, ఇంగ్లీషులో అవే అక్షరాలు వెనక నుంచి. బండి తోలే తమ్ముడికి ఆ పిలుపు కొత్తగా ఉంటుంది. పట్నానికీ పల్లెకీ ఉన్న దూరమంతా ఆ ఒక్క పేరులో పెట్టాడు. ఆ వాక్యాల్లో పదాలు ఇంగ్లీషువైనా నడక ఆ ప్రాంతపు భాష ఇలోకానో మాట్లాడే పల్లెది. 1944లో, దేశాన్ని ఆక్రమించుకున్న జపాన్ సైన్యం చంపేసేనాటికి అర్గుయాకు కొత్తగా ముప్పై మూడేళ్లు.

అపోహ: ఈ కథల్లో శత్రువు తెల్లవాడే. 1946లో స్వాతంత్ర్యం వచ్చాక ఇక చెప్పడానికేమీ లేదు.

వాస్తవం: జెండా మారింది, భూమి చాలావరకు పాత కుటుంబాల దగ్గరే ఉండిపోయింది. అంతకుముందు అమెరికా ప్రభుత్వం క్రైస్తవ మఠాల భూములు కొని అమ్మకానికి పెట్టినప్పుడు కూడా, వాటిలో ఎక్కువ భాగం కౌలుదారుకు కాక డబ్బున్నవాళ్లకే చేరింది. 1940ల చివర్లో లుజాన్ దీవిలో హుక్‌లనే తిరుగుబాటు రైతులు తుపాకులు పట్టారు. మన దగ్గర తెలంగాణ సాయుధ పోరాటం నడిచిన రోజులే అవి. ఎఫ్. సియోనిల్ హోసే 'ది ప్రిటెండర్స్' (1962) నవలకు పట్టుకున్నది ఈ విషయమే. ఆంటోనియో సామ్సన్ పేద రైతుల బిడ్డ. హార్వర్డ్‌లో చదివి, మనీలాలో డబ్బున్న కుటుంబంలో అల్లుడవుతాడు. అక్కడ అతన్ని నలిపేసేది అమెరికన్ దొర కాదు, తనలాగే ఫిలిపినో అయిన మామగారి ప్రపంచం. నాకు ఈ నవల తేలిగ్గా చదవబుద్ధి కాదు, అయినా ఏటా చెబుతాను.

అపోహ: కార్లోస్ బులోసాన్ 'అమెరికా ఈజ్ ఇన్ ద హార్ట్' అమెరికా కలను పొగిడే పుస్తకం.

వాస్తవం: ఇలా అనేవాళ్లు పేరు చూసి ఆగిపోయినవాళ్లే. బులోసాన్ 1930లో సియాటిల్‌లో దిగాడు, తోటల్లో కూలి చేశాడు, కూలీల సంఘాల్లో పనిచేశాడు. 1946లో వచ్చిన ఈ పుస్తకం అచ్చంగా ఆత్మకథ కూడా కాదు, తోటి వలసకూలీల బతుకులూ ఇందులో కలిసిపోయాయి. పైగా కథ మొదలయ్యేది అమెరికాలో కాదు, ఫిలిప్పీన్స్‌లోని పంగసినాన్ ప్రాంతపు పొలంలో. అందుకే పిల్లలకు మొదటి భాగం వదలొద్దని చెబుతాను. పెద్దకొడుకుల్లో ఒకణ్ని చదివించడానికి ఆ తండ్రి నాలుగు హెక్టార్లలో ఒక్కో హెక్టారూ ఎలా పోగొట్టుకున్నాడో లెక్కపెట్టుకుంటూ చదవమంటాను.