లాడ్జి బాత్రూంలో కరెంటు: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని రాయగడలో మజ్జిగౌరమ్మ దర్శనానికి పార్వతీపురం, విజయనగరం వైపు నుంచి వచ్చేవాళ్లు చాలామంది. రాత్రికి లాడ్జిలో దిగి, పొద్దున్నే స్నానం చేసి గుడికి వెళతారు. ఆ బాత్రూంలకు వైరింగ్ చేసే పని నాది. లాడ్జిలు, షాపులు కట్టించే ఓనర్లు నాతో తరచూ అనే మాటలకు జవాబులివి.

అపోహ: ఎంసీబీ ఉంది కదా, షాక్ కొడితే అదే పడిపోతుంది.

వాస్తవం: పడదు. ఎంసీబీ అంటే కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే ఆఫ్ అయ్యే స్విచ్. అది కాపాడేది వైరును, మనిషిని కాదు. 16 ఆంపియర్ల సీ టైపు ఎంసీబీ తక్షణం పడాలంటే 80 నుంచి 160 ఆంపియర్లు పారాలి. తడిసిన ఒంటికి వెయ్యి ఓమ్‌ల నిరోధం ఉందనుకుంటే, 230 వోల్టుల దగ్గర ఒంట్లోంచి పోయేది 0.23 ఆంపియర్. అంటే 53 వాట్లు, ఒక పాతకాలం బల్బంత లోడు. బల్బు వేస్తే ఎంసీబీ పడుతుందా? కానీ గుండె లయ తప్పడానికి అందులో కొంత చాలు.

మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే 0.3 సెకను లోపు లైను కట్ చేస్తుంది. బాత్రూంకి 30దే వేయించండి. షాపుల్లో దొరికే 100, 300 రకాలు ఒంటికి తగిలే షాక్ కోసం చేసినవి కావు. టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడాలి.

అపోహ: ఆర్‌సీసీబీ పెడితే ఊరికే పడిపోతుంది, గెస్టులతో గొడవ.

వాస్తవం: మంచి ఆర్‌సీసీబీ మామూలుగా ఊరికే పడదు. గీజర్ ఎలిమెంట్ లీకవుతూ ఉండాలి, ఇన్వర్టర్ న్యూట్రల్, మెయిన్ న్యూట్రల్ కలిసిపోయి ఉండాలి, లేదా కింద చెప్పబోయే లూప్ ఉండాలి. లాడ్జి మొత్తానికి ఒకటే పెడితే ఒక గది తప్పుకి అన్ని గదులూ చీకటవుతాయి. అందుకని విడివిడిగా పెట్టించుకోండి. పడుతోందని పీకేయడం మాత్రం ఒప్పుకోను.

అపోహ: ఎర్త్ లేకపోతే న్యూట్రల్‌కి లూప్ ఇస్తే సరిపోతుంది.

వాస్తవం: నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. మెయిన్ ఆఫ్ చేయించి పాత గదుల్లో సాకెట్ విప్పించండి. ముందు నుంచి చూస్తే ఎడమ వైపు ఉండే న్యూట్రల్ స్క్రూ నుంచి పైనున్న ఎర్త్ స్క్రూకి వేలెడు వైరు ముక్క కనిపిస్తే, లూప్ అదే. అన్నీ బాగున్నంత సేపు ఏమీ తెలియదు. ఎక్కడో న్యూట్రల్ జాయింట్ ఊడిన రోజున, గీజర్ స్విచ్ వేసి ఉంటే చాలు, ఫేజ్ కరెంటు ఎలిమెంట్ గుండా న్యూట్రల్‌కి, ఈ ముక్క మీదుగా ఎర్త్ వైరుకి, అక్కడి నుంచి గీజర్ బాడీకి వచ్చేస్తుంది. తడి చేత్తో కుళాయి తిప్పేవాడికి 230 వోల్టులు. ఫేజ్‌కి, ఎర్త్ హోల్‌కి మధ్య టెస్ట్ ల్యాంప్ పెడితే వెలిగింది కదా అంటారు. లూప్ ఉన్నా వెలుగుతుంది, అది రుజువు కాదు. ఎర్త్ పిట్ తవ్వించి, రెసిస్టెన్స్ మీటర్‌తో కొలిపించాలి. ఎండాకాలం నేల ఎండినప్పుడు కొలిస్తే అసలు సంగతి తెలుస్తుంది.

అపోహ: త్రీపిన్ ప్లగ్‌లో పై పిన్ తీసేసినా పనిచేస్తుంది.

వాస్తవం: పనిచేస్తుంది, రక్షణ పోతుంది. ఆ పిన్ పొడవుగా చేసిందే, గుచ్చినప్పుడు అన్నిటికంటే ముందు ఎర్త్ తగలాలని, లాగినప్పుడు చివరగా వదలాలని.

అపోహ: వీడియోల్లో అమెరికా బాత్రూంలలో వాష్‌బేసిన్ పక్కనే సాకెట్ ఉంటుంది, మనమూ పెట్టొచ్చు.

వాస్తవం: నిజమే, అక్కడి కోడ్ ఇళ్లలో బేసిన్‌కు 3 అడుగుల లోపు సాకెట్ ఉండి తీరాలంటుంది. కానీ అక్కడ 120 వోల్టులు, పైగా 5 మిల్లీ ఆంపియర్ల దగ్గరే ఆపేసే జీఎఫ్‌సీఐ (మన ఆర్‌సీసీబీ లాంటిదే) తప్పనిసరి. మన దగ్గర 230. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60364 ప్రకారం తొట్టి లేని షవర్ ఉంటే, నీళ్లు పడే చోటు నుంచి 1.2 మీటర్ల లోపు, కనీసం 2.25 మీటర్ల ఎత్తు వరకు మామూలు సాకెట్ ఉండకూడదు. మన లాడ్జి బాత్రూంలో షవర్ కింద నిలబడి చెయ్యి చాపితే గోడలన్నీ అందుతాయి, ఇంక చోటెక్కడ? సాకెట్ బయట గదిలో అద్దం దగ్గర పెట్టండి. గీజర్‌కి ఫేజ్, న్యూట్రల్ రెండూ కట్ చేసే డీపీ స్విచ్ వేసి, దాన్ని కూడా బాత్రూం తలుపు బయటే బిగించండి.