రెడ్ డాట్ పెడితే గురి దానంతటదే కుదురుతుందా? రేంజ్‌లో మొదటి రోజు అపోహలు

బరంపురంలో ఎయిర్ పిస్టల్ నేర్పుతుంటాను. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మనూ భాకర్‌కి రెండు కంచు పతకాలు వచ్చాక మా దగ్గరకి పర్లాకిమిడి నుంచి, అటు ఇచ్ఛాపురం నుంచి కూడా పిల్లలు వస్తున్నారు. కొందరైతే కొత్త పిస్టల్ మీద రెడ్ డాట్ సైట్ (గురి చూడ్డానికి అద్దంలో ఎర్ర చుక్క కనిపించే పరికరం) కూడా బిగించుకుని మొదటి రోజే దిగిపోతారు.

అపోహ: అది లేజర్.

కాదు. లోపల చిన్న ఎల్‌ఈడీ ఉంటుంది, దాని వెలుగు అద్దం మీద పడి వెనక్కి మన కంటికే వస్తుంది. టార్గెట్ మీద ఏ చుక్కా పడదు, పక్కవాడికి ఏమీ కనపడదు.

అపోహ: ఒక షాట్ కొట్టి సైట్ స్క్రూ తిప్పితే జీరో అయిపోతుంది, అంటే చుక్క పెట్టిన చోటే పెల్లెట్ పడుతుంది.

ఈ తప్పు నేనూ చేశాను. పెల్లెట్ ఎడమకి పడితే కుడికి, కుడికి పడితే ఎడమకి, గంటసేపు తిప్పుతూనే ఉన్నాను, చివరికి టార్గెట్ కాగితం జల్లెడైంది. మా మాస్టారు వచ్చి "ముందు ఆ స్క్రూడ్రైవర్ ఇలా ఇయ్యి" అని లాక్కున్నారు. పిస్టల్‌ని ఇసుక సంచి మీద ఆనించి, మధ్యలో ఏదీ తిప్పకుండా వరసగా అయిదు షాట్లు కొట్టాలి. అయిదూ గుంపుగా ఒకచోట పడితే ఆ గుంపు మధ్య నుంచి కొలవాలి. చాలా సైట్లలో ఒక క్లిక్ (స్క్రూ ఒక మెట్టు తిరగడం) అంటే 1 ఎంఓఏ, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం, 10 మీటర్ల దగ్గర సుమారు 3 మిల్లీమీటర్లు, అంటే గుంపు 3 సెంటీమీటర్లు పక్కకి పోతే పది క్లిక్‌లు. అసలు గుంపే పడకపోతే? సైట్ బిగింపు వదులైందేమో చూడండి. గట్టిగానే ఉంటే ఇక చూసుకోవాల్సింది మీ ట్రిగ్గర్ వేలినే.

అపోహ: చుక్క ఊగుతోంది, సైట్ పాడైంది.

ఊగుతున్నది మీ చెయ్యి బాబూ! మామూలు సైట్‌తోనూ (పిస్టల్ ముందూ వెనకా ఉండే గురి గుర్తులు) ఊగేది, ఇంత స్పష్టంగా కనపడేది కాదంతే. 10 మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లే, చుక్క దాని మీదికి రాగానే ఇప్పుడే ఇప్పుడే అని టెన్షన్‌తో ట్రిగ్గర్ గుంజేస్తారు, కుడిచేతివాళ్లకి షాట్ ఎక్కువగా కింద ఎడమకి పోతుంది. ఊగనివ్వండి, మెల్లగా నొక్కుతూ ఉండండి. మొదటి రోజు సగం సేపు పెల్లెట్ లేకుండా ఇదే చేయిస్తాను, పిల్లలకి విసుగే, అయినా మానను.

అపోహ: చుక్క గుండ్రంగా లేదు, డిఫెక్ట్ పీస్.

షాపువాడితో గొడవకి పోకముందు, పిస్టల్ ఖాళీగా ఉందని చూసుకుని, సైట్ వెనక నుంచి ఫోన్‌తో ఫోటో తీయండి. ఫోటోలో గుండ్రంగా ఉండి మీకు మాత్రం నక్షత్రంలా, తోకచుక్కలా కనిపిస్తే కంట్లో ఆస్టిగ్మాటిజం (కంటి వంపు అన్నివైపులా సమంగా లేకపోవడం) ఉండొచ్చు, కళ్ల డాక్టర్‌కి చూపించండి. వెలుగు మరీ పెంచినా చుక్క ఇలాగే చెదురుతుంది. మా ఊరి ఉక్కలో ఇంకో తంటా, ఏసీ కారులోంచి తీయగానే అద్దానికి ఆవిరి పట్టేస్తుంది, పది నిమిషాలు ఆగండి.

అపోహ: పోటీల్లోనూ ఇదే వాడొచ్చు.

ఒలింపిక్స్ నడిచే ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నియమాల్లో పిస్టల్‌కి రెడ్ డాట్ కుదరదు, మామూలు సైట్లే. ఈ మాట చెప్పగానే మొన్న ఒక నాన్నగారు "అంత డబ్బు పోసి కొన్నాం కదా మాస్టారూ" అన్నారు. అబ్బాయి చెయ్యి ఎలా ఊగుతోందో ఆయనకే చూపించడానికి ఓ వారం ఉంచుకుని, ఇప్పేయించాను.