ట్రాక్ మీద ఈఎస్‌పీ ఆపేయాలా? కొన్ని అపోహలు - వాస్తవాలు

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి హైదరాబాద్, విజయవాడ నుంచి సొంత కార్లేసుకుని వచ్చేవాళ్ల పక్క సీట్లో కూర్చుని నేర్పించడం నా పని. హెల్మెట్ పట్టీ బిగించుకుంటూనే చాలామంది అడిగేది ఒకటే: "అన్నా, ట్రాక్షన్ కంట్రోల్ ఆఫ్ చేసెయ్యనా?" వద్దంటాను. చక్రాలు పట్టు తప్పి ఊరికే తిరగకుండా చూసేది ట్రాక్షన్ కంట్రోల్, కారు అదుపు తప్పి పక్కకి జారకుండా చూసేది ఈఎస్‌పీ; చాలా కార్లలో రెండిటికీ బటన్ ఒకటే. ఎందుకు వద్దో విడమరిచి చెప్పే టైమ్ పిట్‌లో ఉండదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

అపోహ: అది ఆన్‌లో ఉంటే డ్రైవింగ్ ఎప్పటికీ రాదు

నేను చూసింది దీనికి పూర్తిగా రివర్స్. మీటర్ బోర్డులో జారుతున్న కారు బొమ్మతో ఒక పసుపు లైటు ఉంటుంది కదా, మీ పక్కన నేను లేనప్పుడు మీకు పాఠం చెప్పేది అదే. ఈమధ్య ఒక తమ్ముడు వచ్చాడు, మొదటి సెషన్‌లో దాదాపు ప్రతి మలుపు చివరా ఆ లైటు టపటపా కొట్టుకుంటూనే ఉంది. చూస్తే, స్టీరింగ్ ఇంకా సగం తిరిగి ఉండగానే కుడికాలు యాక్సిలరేటర్‌ని తొక్కేస్తోంది. టైరుకి ఉన్న పట్టు అంతా మలుపు తిరగడానికే సరిపోతుంటే, దాన్నే ముందుకు లాగమంటే ఎక్కడి నుంచి తెస్తుంది? "స్టీరింగ్ ఎంత సరిచేస్తే కాలు అంతే నొక్కు" అన్నాను, అంతే. మూడో సెషన్‌కి లైటు రెండు మలుపుల్లోనే వెలిగింది, కారు అదే, టైర్లూ అవే. బటన్ ఆపేసి ఉంటే ఆ తప్పు అతనికి కనిపించేదే కాదు.

అపోహ: ఈఎస్‌పీ ఉంది కాబట్టి కారు గిర్రున తిరగదు

ఇది మొదటిదానికంటే ప్రమాదం. ఈఎస్‌పీ స్టీరింగ్ ఎటు తిప్పారో, కారు నిజంగా ఎటు తిరుగుతోందో పోల్చి చూసుకుని, తేడా వస్తే ఒక్కో చక్రానికి విడిగా బ్రేక్ వేస్తుంది. ముందు భాగం బయటికి జారిపోతుంటే లోపలివైపు వెనక చక్రానికి, వెనక భాగం బయటికి వచ్చేస్తుంటే బయటివైపు ముందు చక్రానికి. ఇంజిన్ పవర్ కూడా తగ్గిస్తుంది. అంతవరకే. లేని పట్టుని టైరుకి అది తెచ్చి పెట్టలేదు. స్పీడు రెట్టింపైతే కారులో ఉన్న శక్తి నాలుగు రెట్లవుతుంది, గంటకి 60 కిలోమీటర్ల స్పీడులో కాపాడినట్టే 120లోనూ కాపాడుతుందనుకుంటే ఎలా? మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేస్తే బరువంతా ముందుకొచ్చి వెనక టైర్లు తేలికైపోతాయి, ఈఎస్‌పీ అడ్డుపడుతున్నా కారు తిరిగిపోవచ్చు.

అపోహ: బటన్ నొక్కితే అన్నీ ఆఫ్

చాలా కార్లలో ఒకసారి నొక్కితే ట్రాక్షన్ కంట్రోల్ మాత్రమే ఆగుతుంది. కొన్నింట్లో పూర్తిగా ఆపాలంటే కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి, ఇంకొన్ని గట్టిగా బ్రేక్ వేయగానే వాటంతటవే తిరిగి ఆన్ అవుతాయి. మీ కారు ఏ రకమో మాన్యువల్ చూసి రండి, ట్రాక్ మీద కనుక్కోవద్దు. కొందరు ఏకంగా ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు లాక్ అవ్వకుండా చూసేది) ఫ్యూజ్ పీకేస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ముందు, వెనక బ్రేకుల మధ్య బలాన్ని పంచే ఈబీడీ కూడా దాంతోపాటే పోతుంది, అప్పుడు గట్టిగా బ్రేక్ వేస్తే వెనక చక్రాలు ముందుగా లాక్ అయ్యే ప్రమాదం ఉంది.

అపోహ: అసలైన రేసర్లు ఇవేవీ వాడరు

ఫార్ములా వన్‌లో ట్రాక్షన్ కంట్రోల్ 2008 నుంచి నిషేధం, నిజమే. కానీ రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కార్ల నుంచి తయారుచేసే జీటీ3 రేసు కార్లలో ట్రాక్షన్ కంట్రోల్, ఏబీఎస్ రెండూ ఉంటాయి, ఎంత కావాలో డ్రైవర్ నాబ్ తిప్పి పెట్టుకుంటాడు.

అపోహ: ఆన్‌లో ఉంచితే పోయేదేమీ లేదు

ఉంది. అది పనిచేసేది బ్రేకులతోనే కదా, మీరు పెడల్ తాకకపోయినా అవి వేడెక్కుతూనే ఉంటాయి. ఒకసారి ఒకాయన కారు చక్రాలు విప్పి చూస్తే ముందు ప్యాడ్లు సగం ఉన్నాయి, వెనకవి దాదాపు రేకు దాకా అరిగిపోయాయి. రోజంతా ఆ లైటు ఎంతసేపు వెలిగిందో ఆ ప్యాడ్లే చెప్పాయి. దీనికి మందు బటన్ ఆపడం కాదు, కాలు మెత్తబడటం. బ్రేక్ ఆయిల్ కూడా కొత్తది పోయించుకుని రండి: డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. మరిగిందంటే పెడల్ నేల దాకా దిగిపోతుంది.

మరి ఎప్పుడు తగ్గించుకోవచ్చు? పొడి ట్రాక్ మీద, వరుసగా నాలుగైదు ల్యాపులు లైటు వెలగకుండా మీ మామూలు స్పీడులో తిరగగలిగినప్పుడు, ముందు ఈఎస్‌పీ కాస్త ఆలస్యంగా అడ్డుపడే స్పోర్ట్ మోడ్‌కి వెళ్లండి, మీ కారులో అది ఉంటే. కొన్ని పాత కార్లలో సిస్టమ్ ఒకసారి పవర్ కోసేస్తే చాలాసేపటికి గానీ తిరిగి ఇవ్వదు, వాటిలో చిరాకు పుట్టడం న్యాయమే, అయినా పూర్తిగా ఆపేముందు పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి. చినుకు పడితే మాత్రం వెంటనే ఆన్ చేయండి, ట్రాక్ అంచున రంగు వేసిన గట్టు (కర్బ్) తడిస్తే ఆ పెయింట్ సబ్బులా జారుతుంది.

సాయంత్రం బయలుదేరేముందు టార్చ్ వేసి వెనక ప్యాడ్లు చూసుకోండి. హైదరాబాద్‌కి ఆరువందల కిలోమీటర్ల పైనే ఉంది, ఆ బ్రేకుల మీదే ఇంటికెళ్లాలి.